కంప్యూటర్ ఆరంభ తెర, సిస్టమ్ ధ్వనుల మార్పు

కంప్యూటర్ ఆన్ కాగానే కనిపించే చిత్రాన్ని, లాగిన్, హెచ్చరిక, షట్‌డౌన్ వేళల్లో వినిపించే ధ్వనులను వాడుకరి తనకు నచ్చినట్టు మార్చుకోవడాన్ని ఆరంభ తెర, సిస్టమ్ ధ్వనుల మార్పు అంటారు.

1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95లో ఆరంభ తెరను సామాన్య వాడుకరి కూడా మార్చుకోగలిగేవాడు. దాని ఆరంభ ధ్వనిని బ్రిటిష్ సంగీతకారుడు బ్రయన్ ఈనో సమకూర్చాడు. 320×400 పిక్సెళ్లు, 256 రంగులతో గీసిన బిట్‌మ్యాప్ చిత్రానికి లోగో.సిస్ అని పేరుపెట్టి సి డ్రైవ్‌లో ఉంచితే ఆరంభ తెర మారేది. విండోస్ ఎక్స్‌పీలో ఆ చిత్రం కెర్నల్ ఫైలులోకి చేరింది. దాన్ని సరిగా మార్చకపోతే కంప్యూటర్ తెరుచుకోకపోవచ్చు.

ధ్వనుల మార్పు అంత ప్రమాదకరం కాదు. కంట్రోల్ ప్యానెల్‌లోని సౌండ్ విభాగంలో ఒక్కో సందర్భానికి ఒక్కో వేవ్ ఫైలు ఎంచుకోవచ్చు. 2009 నాటి విండోస్ 7లోని సిద్ధ ధ్వని వరుసల్లో ఒకదాని పేరు ‘రాగా’. విండోస్ విస్టా నుంచి ఆరంభ ధ్వనిని మాత్రం సిస్టమ్ ఫైలులో పొదిగారు. సౌండ్ విభాగంలో దాన్ని ఆపడమో ఉంచడమో తప్ప మార్చే వీలు లేదు.

లినక్స్‌లో ఈ స్వేచ్ఛ ఎక్కువ. 2008లో ఫెడోరా 10తో వచ్చిన ప్లిమత్ ఆరంభ తెరను థీమ్ ఫైళ్లతో మార్చి, తెలుగు అక్షరాలున్న చిత్రాన్నీ పెట్టుకోవచ్చు.

మళ్లీ విండోస్ విషయానికొస్తే, విండోస్ 8లో అప్రమేయంగా ఆపేసిన ఆరంభ ధ్వని 2021లో విండోస్ 11తో తిరిగి వచ్చింది.