కాలువ యొడ్డు పల్లెలు

మెట్‌పల్లి సీమలోని కాలువ యొడ్డు పల్లెల చరిత్రమును వ్రాయదలచినవారు మొదట నేల మెరకపల్లములను చూడవలెను. గోదావరి ఉత్తరమున ప్రవహించుచున్నను, నదిగర్భము పల్లమున, పొలము మెరకన నుండుటచే ఆ నీరు పూర్వము చేలకెక్కలేదు. చెరువు నిండని యేట మోటబావియే దిక్కు. ఎద్దులెంత లాగిన మడి యంతయే తడిసెడిది.

1963 జులై 26న నెహ్రూ పండితుడు పోచంపాడు ఆనకట్టకు శంకుస్థాపనము చేసెను. నదిని ఎగువననే నిలిపి, వాలు ననుసరించి కాకతీయ కాలువగా దిగువ మానేరు జలాశయమువరకు 146 కిలోమీటర్లు నడపుటచే గదా గోదావరి యీ మెరకల కందినది!

కాని పిల్లకాలువలో మొదటి మడి నిండిన పిదపనే చివరి మడికి తడి. 1997 చట్టము నీటి పంపకమున రైతుసంఘములకు అధికారమిచ్చెను. నడుము వంచి నాట్లు వేయు స్త్రీలలో ఎందరు ఆ సభలలో నోరు విప్పగలిగిరో పాఠకులే విచారింతురు గాక.