‘ఆహ్వానం’లో వ వత్తు

మన బడి ప్రశ్నపత్రాలు, వార్షికోత్సవం కార్డులు అచ్చయిన ప్రెస్సు మీకు గుర్తుండే ఉంటుంది. ఈ సంచికకు పాత కాగితాలేమైనా దొరుకుతాయేమోనని సంక్రాంతి సెలవుల్లో అక్కడికి వెళ్లాను. ముందు గదిలో కంప్యూటరు, ఫ్లెక్సీ నమూనాలు. వెనక గదిలో మాత్రం కాలితో తొక్కే ట్రెడిల్, గోడ పొడవునా అక్షరాల కేసులు అలాగే ఉన్నాయి. మనం బాబాయి అని పిలిచే కంపోజిటరు గారూ ఉన్నారు. డెబ్బై దాటినా రోజూ ఒక పూట వచ్చి కూర్చుంటారట.

తెలుగు అచ్చుకు పెద్ద చరిత్రే ఉంది. 1746లో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు. 1854లో వావిళ్ల రామస్వామి శాస్త్రులు మద్రాసులో ముద్రణాలయం స్థాపించారు. 1886లో అమెరికాలో వరుసకు వరుస పోతపోసే లైనోటైపు యంత్రం వచ్చినా, మన చిన్న ఊళ్లలో డీటీపీ వచ్చేదాకా చేతి కూర్పే నడిచింది.

ఇంగ్లీషుకు 26 అక్షరాలు, వాటి పెద్దబడి, చిన్నబడి ఉంటే చాలు. తెలుగుకు గుణింతాలు, వత్తులు కలిపి కొన్ని వందల గళ్లు కావాలి. అక్షరం ఒట్టి సీసం కాదు. గట్టిదనానికి ఆంటిమొనీ, పోత సాఫీగా రావడానికి తగరం కలుపుతారు. మాటకూ మాటకూ మధ్య ఖాళీ కూడా లోహపు ముక్కే. అచ్చయ్యాక ప్రతి అక్షరాన్నీ తిరిగి దాని గడిలో వేయాలి.

పదో తరగతిలో వార్షికోత్సవం కార్డు ప్రూఫు చూసి రమ్మని తెలుగు మాస్టారు నన్ను పంపారు. తేదీ, సమయం, ముఖ్య అతిథి పేరు రెండుసార్లు చదివి సంతకం పెట్టాను. మర్నాడు కార్డుల కోసం వెళితే బాబాయి ఆ ప్రూఫు నా ముందు పెట్టారు. పైన లావుపాటి అక్షరాల్లో ‘ఆహానం’ అని ఉంది. వ వత్తు లేదు.

“చిన్నక్షరాలు అందరూ చదువుతారు బాబూ, పెద్దక్షరాలే ఎవరూ చదవరు” అన్నారు.

రాత్రే వత్తు చేర్చి కార్డులు సరిగ్గా వేశారు. మాస్టారికి ఆయన చెప్పలేదు, నేనూ చెప్పలేదు. ఇవాళ్టికీ డ్రాయింగు మీద సంతకం పెట్టే ముందు మొదట పైనున్న శీర్షిక చదువుతాను.

ఈసారి ఆ సంగతి ఎత్తితే ఆయనకు గుర్తే లేదు. “ఎన్ని వత్తులు పెట్టానో!” అని నవ్వారు. మన బడి పేరు కూర్చమన్నాను. కేసు వైపు చూడకుండానే, వణికే వేళ్లతో ఒక్కొక్క అక్షరం ఏరి స్టిక్కులో పేర్చారు. ఒక్కటీ తప్పు పోలేదు.

వచ్చే నెల పాత ఇనుము వాళ్లు వస్తారని ఓనరు గారు చెప్పారు. అక్షరాలు సీసం ధరకు, ట్రెడిల్ ఇనుము ధరకు పోతాయి. అదే ధర మనం ఇస్తే బడికే ఇస్తానన్నారు. ఆ డబ్బు మనం పోగు చేయగలం. కానీ ఏ గడిలో ఏ అక్షరం ఉందో రాసిన కాగితం ఎక్కడా లేదు. అది బాబాయి వేళ్లకే తెలుసు. కార్యవర్గానికి నా మనవి: ట్రెడిల్ కన్నా ముందు, ఇద్దరు పిల్లలను ఒక నోటుపుస్తకంతో ఆయన దగ్గరికి పంపండి.