కనఁబడు తెలుఁగు, వినఁబడు తెలుఁగు

రంగారెడ్డి జిల్లాలోని రావిర్యాల నేఁడు పల్లెయుఁ బట్టణమును గలిసిన చోటు. ఒక ప్రక్కఁ బ్రాఁత చెఱువు. మఱియొక ప్రక్క ఎలక్ట్రానిక్ వస్తువులు చేయు కర్మాగారములు, హైదరాబాదును జుట్టి వచ్చు ఔటర్ రింగు రోడ్డు. ఇచ్చట నొకనాఁటి సాయంకాలము, మునుపు మాయొద్దఁ జదివిన యంధ విద్యార్థి యొకఁడు సెల్‌ఫోను చేతఁ బట్టుకొని మా యింటికి వచ్చెను. విద్యార్థి వేతనములను గూర్చి యొక కార్యాలయమువారు పంపిన తెలుఁగు ప్రకటన యందుఁ గలదు. తెఱమీఁది వ్రాతను బైకిఁ జదివి వినిపించు సాధనమునకు స్క్రీన్ రీడరని పేరు. అది యా ప్రకటన కడకు రాఁగానే “చిత్రం” అని యొక్కమాట పలికి యూరకుండెను. “సార్, ఇండ్ల ఏమున్నదో జర చదివి చెప్పండి” అని యతఁ డడిగెను. చదివి చెప్పితిమి. దరఖాస్తు గడువు ముందునాఁడే ముగిసియుండెను.

లోప మా యువకుని కన్నులలో నున్నదా, ప్రకటన పంపినవారి పద్ధతిలో నున్నదా? ఈ ప్రశ్నకుఁ జరిత్రయే సమాధానము చెప్పఁగలదు.

అక్షర మనఁగా నాకారము గాదు. అది ధ్వనికిఁ బెట్టుకొన్న గుఱుతు. బాల్యముననే చూపు గోల్పోయిన ఫ్రాన్సు దేశీయుఁడు లూయీ బ్రెయిలు 1829 లో నాఱు ఉబ్బెత్తు చుక్కల లిపిని బ్రకటించి యీ సత్యమును లోకమునకుఁ దెలియఁజేసెను. ఆ చుక్కలకును గంటికిఁ గనఁబడు నక్షరములకును బోలికయే లేదు. అయినను జదువున కవి చాలినవి. భారతీయ భాషల కుమ్మడిగా భారతీ బ్రెయిలు 1951 లో నేర్పడఁగాఁ దెలుఁగు సయితము వ్రేళ్లకొనకు వచ్చెను. కాని బ్రెయిలు గ్రంథములు మిక్కిలి లావైనవి, అచ్చగునవి కొన్నియే.

పుస్తక మందకున్న నేమగునో, అందిన నేమగునో బొల్లా శ్రీకాంత్ చరిత్రయందుఁ జూడవచ్చును. కృష్ణా జిల్లాలోఁ బుట్టిన యీ యంధ బాలుఁడు పదవతరగతి ముగించి గణిత, భౌతిక శాస్త్రములు చదువఁగోరఁగా, అంధుల కా చదువు లేదని నిబంధన యడ్డము వచ్చెను. అతఁడు న్యాయస్థానమునఁ బోరి గెలిచెను. పాఠ్యపుస్తకములను ధ్వనిరూపమునఁ బొంది చదివెను. పిదప అమెరికాలోని ప్రసిద్ధమగు ఎం.ఐ.టి. విద్యాలయమునఁ జేరెను. పాఠము మాఱలేదు, పాఠము వచ్చిన త్రోవ మాఱినది.

కంప్యూటరు రాకతో నీ కష్ట మందఱికిఁ దీఱవలసినది. ఏలయన యంత్రములో నక్షరమునకు రూపము లేదు, సంఖ్య మాత్రమే కలదు. ఆ సంఖ్యను దెఱ యాకారముగను, స్వరయంత్రము ధ్వనిగను జూపఁగలవు. కాని తెలుఁగున జరిగినది వేఱు. తొలినాళ్ల ఫాంట్లు రోమను అక్షరముల సంఖ్యలకే తెలుఁగు ఆకారములు తొడిగినవి. కన్నులున్నవానికిఁ జక్కని తెలుఁగు. స్వరయంత్రమునకు నర్థములేని యింగ్లీషు అక్షరముల ప్రోగు. 1991 లో యూనికోడు తెలుఁగునకుఁ దనవైన సంఖ్యల నిచ్చెను. అయినను బత్రికల వెబ్‌సైట్లును, అచ్చుకూర్పు కార్యాలయములును బహుకాలము పాఁత ఫాంట్లనే పట్టుకొని యుండెను. అంధుఁడగు మైకేల్ కర్రన్ 2006 లో ఆస్ట్రేలియాయం దారంభించిన ఎన్.వి.డి.ఎ. అను ఉచిత స్క్రీన్ రీడరు యూనికోడు తెలుఁగును జదువును. పాఁత ఫాంటు వ్రాతను జదువలేదు.

రెండవ చిక్కు ఛాయాచిత్రములది. ఈ శతాబ్ది యారంభమున, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పాల్గొన్న డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కార్యక్రమమున వేలకొలఁది తెలుఁగు పుస్తకముల పుటలకు ఛాయాచిత్రములు తీయఁబడెను. గ్రంథములను జెదలనుండి కాచుట గొప్ప యుపకారమే. కాని ఛాయాచిత్రమున నక్షరము లేదు, దాని నీడ గలదు. ఆ నీడను మఱల నక్షరముగా దిద్దుచున్నవారు తెలుఁగు వికీసోర్సులోని స్వచ్ఛంద సేవకులు. వారు దిద్దిన పుట యంధుని చెవి కందును. దిద్దని పుట యందదు. మా విద్యార్థి ప్రకటనయు నిట్టి నీడయే.

ఇది యంధుల మాట మాత్రమే కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నడుమఁ బనిచేయుచు, మన్యపు జ్వరమునకుఁ దిన్న క్వినైనువలన వినికిడి గోల్పోయిరి. అట్టి పండితుఁడు నేఁడొక దృశ్యపాఠము ముందుఁ గూర్చుండినచో, క్రింద మాటలు వ్రాసియుండకున్న నాయన కేమి దక్కును? కావుననే ప్రపంచ వెబ్ కన్సార్టియమువారు 1999 లోఁ గొన్ని నియమములు ప్రకటించిరి: చిత్రమునకు మాటలలో వివరణ, ధ్వనికి వ్రాత, మౌసు పట్టలేనివానికిఁ గీబోర్డు మార్గము.

మన దేశమునను జట్టములు లేకపోలేదు. పుస్తకమును వికలాంగుల కందు రూపమునకు మార్చుట తప్పుగాదని 2012 నాఁటి కాపీరైటు సవరణ చెప్పెను. 2016 నాఁటి వికలాంగుల హక్కుల చట్టము డిజిటల్ సౌకర్యమును బాధ్యతగాఁ జేసెను. బ్యాంకు పనికై ఫోను ముందుఁ గన్నులార్పుమనఁగా, యాసిడు దాడికి గుఱియై ఱెప్పలార్పలేనివా రేమి చేయుదురు? ఈ మొఱ విని సుప్రీంకోర్టు 2025 ఏప్రిలు 30 న, డిజిటల్ సేవలను బొందుట రాజ్యాంగము 21వ అధికరణము నందలి జీవనహక్కులో భాగమని తీర్పు చెప్పెను.

చట్టము వచ్చినది, అలవాటు రావలెను. స్త్రీవిద్య శాసనముతోఁ గాక, ఇంటింటఁ బుస్తకము తెఱచుటతో వ్యాపించెను. ఇదియు నట్లే. శుభలేఖనో, సంతాపవార్తనో, పాఠశాల ప్రకటననో చిత్రముగాఁ బంపునపుడు, దాని క్రింద నా మాటలనే యూనికోడు తెలుఁగున వ్రాయుఁడు. ఇందులకు ధనము వలదు, రెండు నిమిషములు చాలును. మేమును బెక్కు ప్రకటనలను జిత్రములుగానే పంపినవారము. ఆ సాయంకాలము మొదలు మాన్పుకొంటిమి. మా విద్యార్థి మఱుసటి యేఁటి ప్రకటనకై వేచియున్నాఁడు. అది యక్షరములుగా వచ్చినచో, దానిని జదువుట కతనికి మాతోఁ బనిలేదు.