ముక్కు వద్దన్నా నోరు కావాలన్న పండు

ఈవేళ మీతో ఒక పండు సంగతి ముచ్చటిద్దామని వచ్చాను. దానికి ముందు ఒక్కసారి మీ వంటింట్లోకి రండి. అలమరలో ఇంగువ డబ్బా ఉంటుంది కదూ? చారులో ఇంగువ పోపు పడితే వీధి మొగదాకా ఘుమఘుమలాడిందని మురిసిపోతాం. అదే ఇంగువకు జర్మనీ వాళ్ళు పెట్టిన పేరుకు అర్థం ఏమిటో తెలుసా? "దయ్యపు పెంట" అట! ఇంగ్లీషులోనూ అలాంటి పేరే ఉంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. తీరా ఆలోచిస్తే, దురియన్ పండు గురించి నేనూ అలాంటి మాటే అన్నాను, అదీ ఆ పండు పండించే వాళ్ళ ఊళ్ళోనే.

పోయినేడు మా మరిది ఉద్యోగం ధర్మమా అని కౌలాలంపూరు చూసే యోగం పట్టింది. సాయంత్రం బజారుకు వెడితే రోడ్డు పక్క బల్లల మీద ముళ్ళ పండ్లు గుట్టలుగా పోసి ఉన్నాయి. దూరం నుంచి చూస్తే చిన్న పనసకాయలే. దగ్గరకు వెళ్ళేసరికి, కుళ్ళిన ఉల్లిపాయలూ, కారిపోతున్న వంటగ్యాసూ కలిసినట్టు ఒక వాసన! "ఛీ, దీన్ని మనుషులు తింటారా?" అనేశాను. మా తోడికోడలు నా చెయ్యి నొక్కింది. పక్కనే బల్ల ముందు కూర్చుని తింటున్న పెద్దావిడ తల తిప్పి, శుభ్రమైన తెలుగులో, "తింటారమ్మా, మేం తింటున్నాం కదా" అంది. నా ప్రాణం చచ్చిపోయింది.

ఆవిడ బాగన్ దాతో అనే ఊరివారు. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి మన ఉత్తర కోస్తా జిల్లాల వాళ్ళు రబ్బరు తోటల్లోకీ, కొబ్బరి తోటల్లోకీ కూలికి ఓడలెక్కి మలయా వెళ్ళారు. ఆ ఊళ్ళో ఇప్పటికీ తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఒక తొన నా చేతిలో పెట్టి, బోలెడు సంగతులు చెప్పింది. ఇంటికి వచ్చాక నేనూ పుస్తకాలు తిరగేశాను.

మలయా భాషలో "దురి" అంటే ముల్లు. ముళ్ళ పండు కాబట్టి దురియన్. చూడటానికి పనసలా ఉన్నా పనసకు చుట్టం కాదు. మన గోంగూర, బెండ, పత్తి, బూరుగు ఉన్న కుటుంబంలోది! గోంగూరకు దూరపు చుట్టమని తెలిశాక నాకు దాని మీద కాస్త అభిమానం పుట్టుకొచ్చింది, నవ్వకండి.

ఈ పండును గురించి బయటివాళ్ళు రాసిన రాతలు చూస్తే భలే తమాషాగా ఉంటాయి. పదిహేనో శతాబ్దంలో నికొలో కోంటి అనే వెనిస్ వర్తకుడు సుమత్రాలో దీన్ని చూసి, రుచి జున్నులా ఉందన్నాడు. పదహారో శతాబ్దం చివర లిన్‌స్కోటెన్ అనే డచ్చి యాత్రికుడి పుస్తకంలో, అలవాటు లేనివాళ్ళకు మొదట కుళ్ళిన ఉల్లి కంపు తగులుతుందనీ, నోట్లో పెట్టుకున్నాక మాత్రం మిగతా తిండ్లన్నిటికన్నా ఇదే మేలనిపిస్తుందనీ ఉంది. అన్నిటికన్నా వాలెస్ దొరగారి కథ బాగుంటుంది. 1858లో డార్విన్‌తో పాటు జీవపరిణామం సంగతి లోకానికి చెప్పిన పెద్దమనిషి ఈయనే. మలక్కాలో ఉండగా ఇంట్లోకి పండు తెస్తే, ఆ వాసనకు ముట్టుకోలేకపోయాడు. తరవాత బోర్నియోలో చెట్టు కింద రాలిన పండు దొరికితే ఆరుబయట కూర్చుని తిన్నాడు. అంతే, దాసోహమన్నాడు! ఒక్క ఈ పండు కోసమే తూర్పు దేశాలకు ఓడ ప్రయాణం చెయ్యవచ్చునని 1869లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. పండు మారలేదు, ముక్కూ మారలేదు. గది మారిందంతే.

దాని శాస్త్రీయ నామంలో "జిబెథినస్" అనే మాట ఉంది. అంటే పునుగుపిల్లికి సంబంధించినది. వాసన పోలికను బట్టి ఆ పేరు పెట్టారని కొందరు, పునుగుపిల్లిని పట్టడానికి ఈ పండు ఎర వేసేవారని కొందరు అంటారు. ఏదయితేనేం, మనకు పునుగు అంటే తిరుమల వేంకటేశ్వరస్వామికి శుక్రవారం అభిషేకం తరవాత పూసే తైలం. ఒకరికి వెక్కిరింతయిన మాట ఇంకొకరికి దేవుడి సేవ!

ఇంతకూ ఆ వాసన ఎందుకు? గంధకం కలిసిన పదార్థాల వల్ల. ఉల్లి, వెల్లుల్లి, ఇంగువ ఘాటుకూ మూలం గంధకమే. గ్యాసు కారితే మనకు తెలియాలని సిలిండరులో కలిపే వాసన సరుకు కూడా ఈ పండులో ఉందట, నా ముక్కు అబద్ధం చెప్పలేదన్నమాట! 2017లో సింగపూరు శాస్త్రజ్ఞులు ఈ చెట్టు జన్యువులన్నీ చదివి, గంధకపు వాసన పుట్టించే జన్యువులు దీనిలో ఎక్కువ ప్రతులున్నాయని తేల్చారు. అడవిలో ఏనుగులూ, ఒరాంగుటాన్ కోతులూ దూరం నుంచే పసిగట్టి వచ్చి తిని గింజలు చల్లాలని చెట్టు వేసుకున్న ఎత్తు అది.

తినేవాళ్ళలోనైనా ఒక మాట లేదు సుమండీ. మలేషియా వాళ్ళు చెట్టు నుంచి దానంతటది రాలితేగాని పండు కాదంటారు. థాయిలాండు వాళ్ళు ముందే కోసి, వాసన పెరగకముందు, గట్టిగా ఉండగా తింటారు. "వాళ్ళది పచ్చికాయ" అని వీళ్ళు, "వీళ్ళది మురిగిపోయింది" అని వాళ్ళు. మన ఇళ్ళల్లో ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అన్న తగువు లాంటిదే. పండు వేడి చేస్తుందనీ, పైన మాంగొస్టీన్ తింటే చలవ అనీ పెద్దవాళ్ళ నమ్మకం. సారా తాగి దురియన్ తినకూడదన్న మాటకు మాత్రం కొంత ఆధారం దొరికింది. శరీరం సారాను విరిచే పనికి ఈ పండు రసం అడ్డు తగులుతుందని 2009లో జపానులోని త్సుకుబా విశ్వవిద్యాలయం వాళ్ళు ప్రయోగశాలలో చూశారు. సింగపూరు రైళ్ళలో ఈ పండు తేకూడదు, బోర్డే ఉంటుంది. అదే ఊళ్ళో 2002లో తెరిచిన పెద్ద నాటకశాల కప్పు ముళ్ళు ముళ్ళుగా ఉందని జనం దానికి ముద్దుగా దురియన్ అనే పేరు పెట్టుకున్నారు.

మన దేశంలోనూ ఉంది. నీలగిరి కొండలెక్కే దారిలో బర్లియార్ తోటలో చెట్లున్నాయి. అక్కడ దీన్ని రుచికి కాదు, పిల్లలు లేనివాళ్ళు మందుగా కొంటారు. అందుకు వైద్య నిరూపణ లేదు. ఇష్టమై తింటే వేరు. పిల్లలు లేరని ఏ కోడలి చేతనో ముక్కు మూయించి తినిపించడం నాకు నచ్చదు. ముందు ఇద్దరూ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి.

ఇక నా సంగతి. ఆ రోజు ఆవిడ చేతిలో పెట్టిన తొన తిన్నాను. మీగడలో బాదం పప్పు నూరి కలిపినట్టుంది, వెనకాల చిన్న ఉల్లి ఘాటు. రెండోది నేనే అడిగాను. మిగిలిపోయిన గుజ్జును ఉప్పు వేసి పులియబెట్టి, చేపల కూరలో వేసుకుంటారని చెప్పింది. తొక్కలో నీళ్ళు పోసి చేతులు కడుక్కుంటే వాసన పోతుందని కడిగి చూపించింది. "మా మనవలు నా ఇంగువ డబ్బా మూత తీస్తే ఇల్లు విడిచి పారిపోతారమ్మా" అని నవ్వింది.

ఆ నవ్వు వింటుంటే నాకు మా మేడ మీద వాటాలో అద్దెకున్న అమ్మాయి గుర్తొచ్చింది. ఎండుచేపలు వేయించిందని రెండుసార్లు మెట్ల మీద నిలబడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నాను, ఆ పిల్ల చూసేలాగానే. మూడో నెలకు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. వెళుతూ వెళుతూ వంటిల్లు ఫినాయిలుతో కడిగి మరీ తాళం ఇచ్చింది.

ఆ వాటా ఇంకా ఖాళీగానే ఉంది. గేటుకు కట్టిన అద్దె బోర్డు మీద "శాకాహారులకు మాత్రమే" అని నేనే రాయించాను. ఊరి నుంచి వచ్చిన మర్నాడు ఆ మాట చెరిపించమని మా వారితో అన్నాను. ఆయన ఇంకా ఆలోచిస్తున్నారు. ఈ ఆదివారం నేనే రంగు డబ్బా కొని తెస్తాను.