నంద్యాల ఎంపీ రాసిన రెండు చరిత్రలు

1991 నవంబరులో నంద్యాల ఉప ఎన్నికలో ఎవరు గెలుస్తారన్నది ఎవరినీ అడగనక్కర్లేదు. అభ్యర్థి అప్పటికే దేశ ప్రధాని. జూన్ 21న ప్రమాణం చేసేనాటికి పి.వి. నరసింహారావు పార్లమెంటులో ఏ సభలోనూ సభ్యుడు కారు. ఆరు నెలల గడువు లోపల గెలవాలి. ఆళ్లగడ్డ గంగుల కుటుంబానికి చెందిన ప్రతాపరెడ్డి అదే ఏడు గెలిచిన నంద్యాల సీటు వదులుకున్నారు. తెలుగువాడు ప్రధాని అయ్యాడు కాబట్టి పోటీ పెట్టేది లేదని ఎన్టీఆర్ తెలుగుదేశాన్ని బరిలోంచి తప్పించారు. బీజేపీ తరఫున బంగారు లక్ష్మణ్ నిలబడ్డారు. పీవీ మెజారిటీ 5.8 లక్షలు. గిన్నిస్ బుక్కుకెక్కిన అంకె అది.

అయితే నంద్యాల ఉన్న రాయలసీమకూ పీవీకీ అప్పటికే ఒక పాత లెక్క ఉంది. 1971 సెప్టెంబరు 30న ఆయన ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు. భూసంస్కరణలను పట్టుబట్టి నడిపించడంతో ఆసాములకు కంటగింపు అయ్యారు. 1972 అక్టోబరు 3న, తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అనే ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కోర్టు మాటే తుదిమాట అని ముఖ్యమంత్రి అన్నారు. చట్టం చదువుకున్న మనిషి అనవలసిన మాటే అది. కోస్తా, సీమ మాత్రం భగ్గుమన్నాయి. ఉప ముఖ్యమంత్రి బి.వి. సుబ్బారెడ్డి రాజీనామా చేసి ప్రత్యేకాంధ్ర కోరే జై ఆంధ్ర ఉద్యమానికి ముందు నిలిచారు. ఆయనది నంద్యాల పక్కనున్న కోయిలకుంట్ల నియోజకవర్గమే! 1973 జనవరిలో పీవీ పదవి పోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. తర్వాత పద్దెనిమిదేళ్లకు, ఆ కోయిలకుంట్ల చుట్టుపక్కల ఊళ్లే ఆయనను పార్లమెంటుకు పంపాయి.

ముఖ్యమంత్రి పదవి దాకా నడిచిన కాలం మీదా, ప్రధానిగా ఉన్న కాలం మీదా పీవీ పుస్తకాలు రాశారు. ఒకటి నవలగా, ఒకటి వాదంగా.

ఆయన నాగపూర్‌లో లా చదువు పూర్తి చేశారు. హైదరాబాదులో బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్‌గా చేరారు. నల్లకోటు ఎక్కువ కాలం వేసుకోలేదు. నిజాం వ్యతిరేక పోరాటం, దాని వెంట కాంగ్రెస్ రాజకీయం ఆయనను కోర్టు నుంచి లాక్కుపోయాయి. కలం మాత్రం వదల్లేదు. వరంగల్లులో పాములపర్తి సదాశివరావుతో కలిసి 'కాకతీయ' పత్రిక నడిపారు. 'గొల్ల రామవ్వ' కథ అందులోనే 1949లో వచ్చింది. రాష్ట్రంలో న్యాయశాఖ మంత్రిగా కూడా పనిచేశారు. కాగితం ముందు పెట్టుకుని, దాని మీద ఉన్న అక్షరానికి కట్టుబడి మాట్లాడే వకీలు అలవాటు ఆయనలో చివరిదాకా నిలిచింది.

1998లో వచ్చిన ఇంగ్లీషు నవల 'ది ఇన్‌సైడర్'ను కల్లూరి భాస్కరం 'లోపలి మనిషి'గా తెలుగు చేశారు. కథ అఫ్రోజాబాద్ అనే రాష్ట్రంలో జరుగుతుంది. ఆ పేరుతో భూపటంలో రాష్ట్రం లేదు గానీ, చదివిన తెలుగువాళ్లకు అదెక్కడో ఇట్టే తెలిసిపోయింది. ఆనంద్ అనే యువకుడు శాసనసభలో అడుగుపెడతాడు. మహేంద్రనాథ్, చౌదరి అనే ఇద్దరు పెద్దల మధ్య పదవి కోసం సాగే ఎత్తుకు పైఎత్తులు చూస్తాడు. చివరికి ముఖ్యమంత్రి అయి భూమి పంచబోతాడు. టిక్కెట్లు ఎలా ఖరారవుతాయి, వర్గాలు ఎలా కుదురుతాయి, ఢిల్లీ నుంచి వచ్చే చిన్న సైగకు హైదరాబాదులో ఎవరి గుండె ఎలా జారుతుంది, ఇవన్నీ అనుభవించిన మనిషి చెప్పినట్టే ఉంటాయి. తెలుగు రాజకీయ చరిత్ర చదవాలనుకునే కుర్రవాళ్లకు మొదట చేతిలో పెట్టవలసిన పుస్తకాల్లో ఇదొకటి. కథ ప్రధాని పదవి దాకా రాదు. తర్వాతి భాగం వెలువడలేదు.

నంద్యాల ఎంపీగా ఉన్న కాలం రెండో పుస్తకంలోకి వచ్చింది. 'అయోధ్య: 6 డిసెంబర్ 1992' ఆయన పోయాక 2006లో అచ్చయింది. ఇందులో నవలాకారుడు కనబడడు, వకీలు కనబడతాడు. 356వ అధికరణం కింద ఒక రాష్ట్ర ప్రభుత్వాన్ని తీసేయాలంటే అక్కడ రాజ్యాంగ యంత్రాంగం కూలిపోయి ఉండాలి, కూలిపోతుందేమోనన్న భయం చాలదు. బాబ్రీ మసీదు కూలకముందే ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఎందుకు తీసేయలేదన్న నిందకు ఇదీ ఆయన వాదం. ఆధారాలు వరసగా పెడతారు. మసీదును కాపాడతామని అక్కడి కళ్యాణ్ సింగ్ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది. కోర్టు ఒక జిల్లా జడ్జిని పరిశీలకుడిగా పంపింది. రాష్ట్రపతి పాలన వద్దని ఉత్తరప్రదేశ్ గవర్నరు బి. సత్యనారాయణరెడ్డి, ఆయనా తెలుగువాడే, కూల్చివేతకు కొద్ది రోజుల ముందే కేంద్రానికి రాశారు.

వాదం గట్టిదే. కానీ అదే పీవీ ప్రభుత్వం డిసెంబరు 15న మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్ ప్రభుత్వాలను రద్దు చేసింది. మసీదు కూలింది ఆ రాష్ట్రాల్లో కాదు. 1994లో బొమ్మై కేసులో సుప్రీంకోర్టు ఆ రద్దులను సమర్థించింది కూడా. డిసెంబరు 15న అంత విశాలంగా కనిపించిన అధికారం డిసెంబరు 5న అంత ఇరుకుగా ఎందుకు కనిపించిందన్న ప్రశ్న ఈ పుస్తకం చదివినవాళ్లకు మిగులుతుంది. మరొకటీ ఉంది. గవర్నరు లేఖ, అఫిడవిట్టు, కోర్టు ఉత్తర్వు ఎవరేం రాశారో చెబుతాయి. ఆ వారం రోజులూ కాంగ్రెస్ లోపల ఎవరు ఎవరిని చూసి జంకారు, ఎవరి ఓట్ల లెక్క ఏమిటి అన్నది ఆ కాగితాల్లో దొరకదు. అఫ్రోజాబాద్ గురించి రాసేటప్పుడు ఆ గుట్టంతా విప్పిన కలమే అది. తన మీద నేరం మోపిన ఘట్టానికి వచ్చేసరికి పీవీ తన తరఫు వకీలు అయిపోయారు. అందుకే రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. వాదం దాచిన మనిషిని నవల కొంత చూపిస్తుంది.

పదవి దిగాక ఆయన రాసిన కాలం కూడా కోర్టుల మధ్యే గడిచింది. జేఎంఎం ఎంపీలకు ముడుపులిచ్చారన్న కేసులో 2000లో కింది కోర్టు శిక్ష వేసింది, 2002లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది.

ఇక నంద్యాల. 1977లో రాష్ట్రంలోని 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌వే అయినప్పుడు మిగిలిన ఒక్కటీ నంద్యాలే, గెలిచింది నీలం సంజీవరెడ్డి. కొద్ది నెలలకే ఆయన రాష్ట్రపతి అయ్యారు. 1996లో పీవీ నంద్యాలలో ఆళ్లగడ్డ భూమా నాగిరెడ్డిని ఓడించారు, ఒడిశాలోని బరంపురంలోనూ గెలిచారు. బరంపురం ఉంచుకుని నంద్యాల వదిలేశారు. ఆ ఉప ఎన్నికలో భూమా నాగిరెడ్డి ఎంపీ అయ్యారు.