గ్రేహౌండ్స్ ఒక్కటే కారణమా?

నక్సలైట్ ఉద్యమాన్ని అణచడంలో ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపిందనీ, ఆ ఘనత పోలీసు ప్రత్యేక దళమైన గ్రేహౌండ్స్‌దేననీ తరచూ వినే మాట. కాలక్రమం దీన్ని పూర్తిగా సమర్థించదు. శ్రీకాకుళంలో 1970 జూలైలో ఉద్యమ నేతలు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో మరణించాక పోరాటం క్షీణించింది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల పాలు కాకుండా 1/70 చట్టం వచ్చిందీ ఆ ఏడే. అణచివేతతోపాటు భూసంస్కరణ కూడా సాగిన సంగతిని తరవాతి కథనాలు విస్మరించాయి.

ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ 1989లో గ్రేహౌండ్స్‌ను తీర్చిదిద్దారు. చిన్న బృందాలతో అడవిలో రోజుల తరబడి గాలించే ఆ పద్ధతి సమర్థమైనదే, కాదనను. కానీ అది వచ్చిన పద్నాలుగేళ్లకు, 2003 అక్టోబర్ 1న, అలిపిరిలో ముఖ్యమంత్రి కాన్వాయ్ మీదే మందుపాతరలు పేలాయి. నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ మీద 1992లో నిషేధం పెట్టి, 1995లో ఎత్తేసి, 1996లో మళ్లీ పెట్టినా పార్టీ నిలదొక్కుకునే ఉంది. అసలు పతనం 2005 తరవాతే. అంతకుముందు జరిగినవి ప్రభుత్వానికీ, అప్పటికి మావోయిస్టు పార్టీగా మారిన పీపుల్స్‌వార్‌కూ మధ్య 2004 అక్టోబర్ చర్చలు. ఎస్.ఆర్. శంకరన్ నాయకత్వంలోని పౌరస్పందన వేదిక 1997 నుంచీ చేసిన కృషి వాటికి నేల సిద్ధం చేసింది. చర్చలు మావోయిస్టులకు కూడదీసుకునే వ్యవధి ఇచ్చాయని ఒక అభ్యంతరం. నాయకుల జాడ పోలీసులకు పట్టించాయని ఇంకొకటి. రెంటినీ కొట్టిపారేయలేం. అయినా భూమి సమస్య బాహాటంగా చర్చకు వచ్చిందీ, దానిపై కోనేరు రంగారావు కమిటీ ఏర్పడిందీ ఆ వాతావరణంలోనే. చర్చలు తెగిపోయిన 2005లో, ఆగస్టు 15న మక్తల్ ఎమ్మెల్యే నర్సిరెడ్డిని చంపి, పార్టీ తన మీద మిగిలిన సానుభూతిని తానే పోగొట్టుకుంది. నిఘా, లొంగిపోయినవారికి పునరావాసం, జనంలో విసుగు కలిశాకే సాయుధ బలగాల పని సులువైంది. పైగా దళాలు చాలావరకు దండకారణ్యం వైపు తరలిపోయాయి. 2008 జూన్‌లో ఒడిశాలోని బలిమెల జలాశయంలో ముప్పైమందికి పైగా గ్రేహౌండ్స్ జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. పోరు సరిహద్దు దాటిందే తప్ప ముగిసిపోలేదు.

ఇతర రాష్ట్రాలు మన అనుభవంలో తుపాకీ భాగాన్నే అరువు తెచ్చుకున్నాయి. ఛత్తీస్‌గఢ్ ఇంకా ముందుకెళ్లి, ఆదివాసీ యువకులకే ఆయుధాలిచ్చి సల్వాజుడుంను నడిపింది. 2011 జూలైలో సుప్రీంకోర్టు అది రాజ్యాంగవిరుద్ధమని తేల్చింది. మావోయిస్టు పార్టీ ప్రధాన కార్యదర్శి నంబాల కేశవరావు 2025 మేలో మరణించాక, నక్సలిజం నిర్మూలనకు కేంద్రం పెట్టిన 2026 మార్చి 31 గడువు చుట్టూ విజయాన్ని శవాల లెక్కతో కొలిచే ధోరణి పెరిగింది. సాయుధ పార్టీ బలహీనపడటం నిజమే, అది అవసరం కూడా. అయితే గిరిజన ప్రాంతాల స్వపరిపాలనకు వచ్చిన 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం ఊళ్లలో ఎంత మేరకు అమలయ్యాయన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు. ఆ ప్రశ్నను ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలే ముందుగా ఎదుర్కోవాలి. కోనేరు రంగారావు కమిటీ చేసిన 100కు పైగా సిఫార్సుల్లో ఏవి అమలయ్యాయో, ఏవి ఎందుకు ఆగాయో తెలుపుతూ శ్వేతపత్రం ప్రకటించాలి.