విశాఖ రేవు, విశాఖ ఇసుక

విశాఖపట్టణమునకు పోయినవారు రెండింటిని చూడక తిరిగిరారు. ఒకటి రేవు, రెండవది రామకృష్ణా బీచి. ఒకచోట ఇనుపఖనిజము ఓడల కెక్కును. వేరొకచోట పిల్లలు అలలతో ఆడుకొందురు. ఈ రెంటికిని నడుమ సంబంధమేమి యని మనము సాధారణముగా విచారింపము. కాని రెంటిని ముడివేసిన చరిత్ర యొకటి కలదు. అది ఇసుక చరిత్ర.

పూర్వము విశాఖలో పెద్ద ఓడలు ఒడ్డునకు రాలేకుండెడివి. అవి లోతునీటిలో లంగరు దించి నిలువగా, మసూలా పడవలమీద సరకులను, మనుషులను అలలు దాటించెడివారు. ఆ పడవల పలకలను మేకులతో బిగింపక కొబ్బరిపీచు త్రాళ్లతో కుట్టెడివారు. బిగించిన పడవ అలదెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి తట్టుకొనును. తీరవాసులు సముద్రము వద్ద నేర్చిన విద్య యది.

డాల్ఫిన్ నోస్ అని పేరొందిన కొండకు ఉత్తరమున ఒక ఉప్పుటేరు సముద్రమున కలియుచుండెను. దాని వెనుక విశాలమైన చిత్తడినేల. కొండచాటున ఓడలకు ఆశ్రయ మీయదగిన ఈ స్థలము ఇంజనీర్ల దృష్టి నాకర్షించినది. మధ్యరాష్ట్రములందలి మాంగనీసు ఖనిజమునకు సముద్రద్వారము కావలసియుండెను. బెంగాల్ నాగపూర్ రైల్వే వారు రాయపూరు నుండి కొండలమీదుగా వేసిన రైలుమార్గము 1931లో పూర్తియైనది. ఏటిని త్రవ్వి, చిత్తడిని లోతుచేసి రేవును నిర్మించిరి. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అను ఓడ మొట్టమొదట లోనికి వచ్చినది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు రేవును లాంఛనముగా ప్రారంభించెను.

ఈ పనిలో ఎదురైన గట్టి ప్రత్యర్థి కొండ కాదు, బురద కాదు, ఇసుక. నైరుతి ఋతుపవన కాలమున అలలు తీరమును ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరమునకు నడుపును. ఈశాన్య గాలులు వీచు నెలలలో అది కొంత దక్షిణమునకు మరలును. ఏడాది లెక్క చూచినచో ఉత్తరమునకు పోవునదే అధికము. ఆ దారికి అడ్డముగా తెరచిన రేవుముఖము పూడిపోక తప్పదు. అందుచే రెండు పాత ఓడలను రాళ్లతో నింపి, ముఖద్వారమునకు దక్షిణమున ముంచి అడ్డు కల్పించిరి. వచ్చిన ఇసుక అచట నిలుచును. డ్రెడ్జరు దానిని తోడివేయును.

రేవు నిలిచినది. కాని ఉత్తరమునకు పోవలసిన ఇసుక దారిలో ఆగినది. సముద్రము ప్రతి యేడును తీరమునుండి ఇసుకను కొనిపోవుచునే యున్నది. తెచ్చిపెట్టునది మాత్రము తగ్గినది. 1976లో వెలుపలి రేవు ఏర్పడి, రాతికట్టలు సముద్రములోనికి చొచ్చుకొనిపోయెను. తోడిన ఇసుకను బీచిమీద పోయుట ఈ లోటు తీర్చుటకే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినప్పుడు తీరపు గట్టు ఎంత బలహీనమో పట్టణమంతయు చూచినది.

నేడు ఆ తీరమున వినోదములకు కొదువలేదు. 1969 నుండి 2001 వరకు నౌకాదళమున పనిచేసిన కురుసుర జలాంతర్గామిని ఒడ్డునకు చేర్చి, 2002లో ప్రదర్శనశాలగా తెరచిరి. సాయంకాలమున దానిని చూడవచ్చువారికి బీచి యనగా గాలి పీల్చుకొను చోటు. జాలరులకును వాడబలిజలకును అది తెప్పలు లాగి నిలుపు చోటు, వలలు బాగుచేసికొను చోటు, చేపలు ఎండబెట్టు చోటు, పదిమంది కూడి పెద్దవల లాగు చోటు. ఇసుక పది గజములు తరిగినచో మనము కాలిబాట మీదికి జరుగుదుము. వారి తెప్పలు జరుగుటకు వేరు చోటు లేదు.

రేవు లేనిచో నేటి విశాఖ లేదు. నౌకానిర్మాణశాలయు, ఉక్కు కర్మాగారమును, వేలమంది జీవనోపాధియు దానిని ఆశ్రయించియే పెరిగినవి. రేవును తప్పుపట్టుట మన యుద్దేశము కాదు. తీరమున పోసిన ఇసుకను పట్టణమునకు చేసిన ఉపకారముగా లెక్కించుట మాత్రము సరికాదు. అది దారిలో ఆపుకొన్న సొమ్ము. దానిని ఏటేట తీర్చవలసిన బాకీగా ఖాతాలో వ్రాసికొన్ననాడే రేవు లెక్క పూర్తియగును.